పిడుదుల గుడ్ల లెక్క: మొక్కల మందు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

పాడి రైతు పిడుదుల మందును తూచే తూకం ఒక్కటే. మందు కొట్టిన మర్నాడు గంగడోలు కింద, చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగు సందుల్లో చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. పిడుదులు రాలితే మందు మంచిది, రాలకపోతే దండగ. వేపనూనె, కానుగ నూనె, సీతాఫలం గింజల కషాయం లాంటివి ఈ పరీక్షలో చాలాసార్లు తేలిపోతాయి. అవే పిడుదుల్ని ఏరి ల్యాబులో గాజు పళ్లెంలో పెట్టి నెలా పదిరోజులు గమనిస్తే మాత్రం కథ మారుతుంది. చచ్చినవి తక్కువే. కానీ బతికినవి పెట్టాల్సినన్ని గుడ్లు పెట్టవు, పెట్టినవాటిలో చాలా గుడ్లు మురిగిపోతాయి. కొట్టంలో పనిచేయలేదనిపించుకున్న మందే పళ్లెంలో బాగా పనిచేసిందనిపించుకుంటుంది.

మొక్కల మందుల మీద జరిగే వాదనంతా ఈ రెండు తీర్పుల మధ్యే నలుగుతోంది. ఒక పక్క "మన పెద్దవాళ్లకు అన్నీ తెలుసు" అనేవాళ్లు, ఇంకో పక్క "ఆకు పసరుకి పిడుదులు పోతాయా" అని నవ్వేవాళ్లు. మొదటివాళ్లు ల్యాబు అంకెల్ని నేరుగా ఆవు వీపు మీదికి తెచ్చేస్తున్నారు. రెండోవాళ్లు చచ్చిన పిడుదుల్ని మాత్రమే లెక్కపెడుతున్నారు.

ఎలాగూ చచ్చే పిడుదు

మన దేశంలో ఆవుల మీద విరివిగా కనిపించే పిడుదు రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాల్లో దీన్నే బూఫిలస్ అన్నారు, కొన్ని ఊళ్లలో గోమారి అంటారు. గడ్డి కొసల మీద కాచుకుని ఉండే ఆరుకాళ్ల పిల్ల పిడుదు ఒకసారి ఆవును పట్టుకుందంటే మళ్లీ దిగేది పెద్దదయ్యాకే. సుమారు మూడు వారాల్లో ఆ ఒక్క పశువు మీదే రెండుసార్లు కుబుసం విడిచి, జత కట్టి, రక్తం తాగుతుంది. ఆడది ఆ మూడు వారాల్లో చాలా భాగం చిన్నగానే ఉండి, ఆఖరి రోజున ఒక్కసారిగా తాగి ఆముదపు గింజలా ఉబ్బి, ఎక్కువగా తెల్లవారుజామున నేల రాలుతుంది.

రాలాక అది గోడ పగుల్లోకో, రాయి కిందికో, పేడకుప్ప అంచుకో పాకి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. తన బరువులో సగానికి సగం గుడ్లుగా మారిపోతుంది. ఆ పని కాగానే చచ్చిపోతుంది. ఇక్కడే ఒక చిన్న విషయం గమనించాలి. నిండుగా తాగిన ఆడ పిడుదు ఎలాగూ చావబోతోంది. మందు వల్ల అది చచ్చిందా లేదా అనేది, గుడ్లు పెట్టేశాక అయితే, లెక్కలోకే రాదు. గుడ్లు పెట్టకుండా నెల బతికినా రైతుకు నష్టం లేదు. గుడ్లు పెట్టి రెండోరోజే చచ్చినా లాభం లేదు.

పైగా ఏ రోజు చూసినా ఆవు ఒంటి మీద కనిపించేవి మొత్తం పిడుదుల్లో చిన్న వాటానే. మిగతాదంతా నేల మీద, గుడ్ల రూపంలో, ఆకలితో కాచుకున్న పిల్లల రూపంలో ఉంటుంది. తేమ బాగుంటే ఆ పిల్లలు తిండి లేకుండా వారాలు, ఒక్కోసారి నెలలు గడిపేస్తాయి. వానలు పడ్డాక మందు కొట్టీ కొట్టీ విసిగిపోయిన రైతు "ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ వస్తున్నాయి" అనడానికి కారణం ఇదే. వస్తున్నవి పాతవి కావు, కొత్త తరం.

రసాయనాలకు ఈ పిడుదు లొంగకపోవడం కూడా పాత కథే. ఆస్ట్రేలియాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆర్సెనిక్ తొట్లలో పశువుల్ని ముంచడం మొదలుపెట్టారు. 1930ల నాటికి ఆర్సెనిక్‌ను తట్టుకునే పిడుదులొచ్చాయి. ఆ తర్వాత డీడీటీ, ఆర్గానోఫాస్ఫేట్లు, సింథటిక్ పైరిత్రాయిడ్లు, ఎమిట్రాజ్, ఐవర్‌మెక్టిన్ వరుసగా వచ్చాయి, వరుసగా మొద్దుబారాయి. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లు వేర్వేరు రాష్ట్రాల నుంచి తెచ్చిన పిడుదుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు నిరోధకత పాతుకుపోయిందని చూపించారు. చేతికొలతతో మందు కలపడం, పొదుగు సందులు వదిలేసి వీపు మీద మాత్రం కొట్టడం ఇందుకు బాగానే తోడ్పడ్డాయి.

రక్తం గుడ్డయ్యే దారి

నేల రాలిన ఆడ పిడుదు రెండు మూడు రోజులు ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం పెద్ద పని నడుస్తుంటుంది. ఎక్డీస్టెరాయిడ్ అనే హార్మోను పెరుగుతుంది. కీటకాల్లో కుబుసం విడిపించే హార్మోను కూడా ఇదే కుటుంబానిది. దాని ఆదేశంతో కొవ్వు కణజాలం, పేగు కణాలు విటెల్లోజెనిన్ అనే పచ్చసొన ప్రోటీన్ తయారుచేస్తాయి. అది రక్తరసంలోకి వచ్చి అండాశయంలోని గుడ్డు కణాల్లోకి చేరుతుంది. పిడుదుకు ఒక లోటుంది. రక్తంలో ఎరుపునిచ్చే హీమ్‌ను అది సొంతంగా తయారుచేసుకోలేదు. ఆవు రక్తంలోంచి తీసుకున్న హీమ్‌ను ఈ పచ్చసొన ప్రోటీన్‌కే తగిలించి పిల్లకు కట్టబెడుతుంది. అంటే సొన సరిగా చేరని గుడ్డుకు తిండీ లేదు, హీమూ లేదు.

గుడ్డు బయటికొచ్చే తీరు భూతద్దంలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిడుదు తల వంచి నోటి భాగాన్ని పొట్ట వైపు ఆనిస్తుంది. తలకూ వీపు పలకకూ మధ్య సందులోంచి తెల్లటి తడి సంచి ఒకటి ఉబ్బి బయటికొస్తుంది. దాని పేరు జీనే అవయవం. బయటపడ్డ ప్రతి గుడ్డునూ ఆ సంచి అందుకుని, తిప్పి, మైనం పూసి, తల మీదుగా పైకి చేరుస్తుంది. ఇలా ఒక్కొక్కటిగా వేల గుడ్లు. చివరికి పిడుదు ముందు గోధుమరంగులో నిగనిగలాడే గుడ్ల ముద్ద తయారవుతుంది. మైనం లేని గుడ్డు గాలికి ఎండి ముడుచుకుపోతుంది. ఈ మైనం పూసే పని గురించి లీస్, బీమెంట్ అనే ఇద్దరు 1948లోనే వివరంగా రాశారు. మొక్కల సారం తగిలిన పిడుదుల పళ్లేల్లో చాలాసార్లు ఆ నిగనిగ ఉండదు. గుడ్లు పొడిపొడిగా, విడివిడిగా, రంగు మాసి పడి ఉంటాయి. మైక్రోస్కోపు అక్కర్లేకుండానే తేడా కనిపిస్తుంది.

వేపతో మొదలుపెడితే

వేపలో ముఖ్యమైన పదార్థం అజాడిరాక్టిన్. 1968లో దాన్ని విడదీశారు. నిర్మాణం పూర్తిగా తేలింది 1985లో. ల్యాబులో మొదటినుంచీ కట్టడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 2007 దాకా పట్టింది. అంత చిక్కుముడి అణువును మన వేపచెట్టు ఏటా పండ్లలో నింపి నేల మీద రాలుస్తోంది. పురుగుల్లో అది హార్మోన్ల క్రమాన్ని తలకిందులు చేస్తుంది. కుబుసం విడవనివ్వదు, గుడ్లలో సొన చేరనివ్వదు.

పిడుదుల విషయంలో వివరమైన పని బ్రెజిల్‌లో జరిగింది. సావో పాలో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన రియో క్లారో ప్రాంగణం వాళ్లు వేపాకు నీటి సారంలో కుక్క పిడుదుల్ని ముంచి, తర్వాత అండాశయాల్ని పలచటి పొరలుగా కోసి చూశారు. గుడ్డు కణాల్లో ఖాళీలు ఏర్పడ్డాయి, ఆకారం చెడింది, కేంద్రకం దెబ్బతింది. పిడుదు పైకి బాగానే కనిపిస్తున్నా లోపలి సరుకు పాడైపోయింది. ఈ పరిశోధనలు బ్రెజిల్‌లోనే ఇంతగా ఎందుకు జరుగుతాయంటే, ఆ దేశానికి పశువుల పిడుదు వల్ల ఏటా సుమారు 324 కోట్ల డాలర్ల నష్టమని 2014లో వచ్చిన ఒక అంచనా. అక్కడి మందల్లో సింహభాగం నెలోర్ జాతి, అంటే మన నెల్లూరు, ఒంగోలు పశువుల సంతానం. ఆవు ఇక్కణ్ణుంచి వెళ్లింది, వేపా ఇక్కణ్ణుంచే వెళ్లింది, వాటి మీద పరిశోధన పత్రాలు మాత్రం అక్కణ్ణుంచి వస్తున్నాయి.

అదే రియో క్లారో బృందం ఆముదం మీద చేసిన పని ఇంకా ఆసక్తికరం. ఆముదం నూనెలో అత్యధిక భాగం రిసినోలిక్ ఆమ్లం. దాన్నుంచి తయారుచేసిన ఎస్టర్లు అనే పదార్థాలను కుందేళ్ల దాణాలో కలిపి తినిపించి, ఆ కుందేళ్ల మీద పిడుదుల్ని వదిలారు. రక్తం ద్వారా అందిన ఆ పదార్థం పిడుదుల గుడ్డు కణాల ఎదుగుదలను అడ్డుకుంది. పైన చల్లాల్సిన పని లేకుండా దాణా ద్వారా అందించొచ్చన్న ఆశ ఇక్కడ పుట్టింది. అలాగని పాలమూరు, నల్లగొండ వైపు ఆముదం పండించే రైతులు గింజల చెక్కను ఆవుకు పెట్టకూడదు. చెక్కలో రిసిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. అది పొలానికి ఎరువే తప్ప పశువుకు దాణా కాదు. పరిశోధనలో వాడింది నూనె నుంచి తీసి శుద్ధి చేసిన ఎస్టర్లు.

ఫలితం నిజం, వివరణ తప్పు

ఈ రంగంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ఉదంతం అజెరాటం మొక్కది. నీలిపూల కలుపు మొక్క, దాని జాతివి మన చేలగట్ల మీదా కనిపిస్తాయి. 1976లో విలియం బౌయర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్నుంచి ప్రికోసీన్లు అనే పదార్థాలు తీశాడు. అవి తగిలిన కొన్ని కీటకాలు వయసు రాకముందే కుబుసం విడిచి, పొట్టి పెద్దవై, గొడ్డువై మిగిలిపోయాయి. కీటకాల్ని బాల్యంలో ఉంచే జువెనైల్ హార్మోను తయారీని ప్రికోసీన్ ఆపేస్తోందని తేలింది.

మూడేళ్లకు, 1979లో, పౌండ్, ఆలివర్ అనే ఇద్దరు ప్రికోసీన్‌ను ఆర్నిథొడోరస్ పార్కెరై అనే మెత్తటి పిడుదు మీద ప్రయోగించారు. ఆడవి గొడ్డుబోయాయి. బయటినుంచి జువెనైల్ హార్మోను ఇస్తే మళ్లీ గుడ్లు పెట్టాయి. కాబట్టి పిడుదుల పునరుత్పత్తిని నడిపేది కూడా జువెనైల్ హార్మోనే అని రాశారు. ఇంత చక్కటి రుజువును ఎవరు కాదంటారు? ఇరవై ఏళ్లు పుస్తకాలన్నీ అదే చెప్పాయి. 2000లో ఇంకో బృందం అదే పిడుదులోనూ, అమెరికా కుక్క పిడుదులోనూ ఆ హార్మోను కోసం సున్నితమైన పద్ధతులతో వెతికితే ఆనవాలు కూడా దొరకలేదు. ఇప్పుడు నిలబడ్డ అవగాహన ఏమిటంటే, పిడుదుల్లో సొన తయారీని నడిపేది ఎక్డీస్టెరాయిడ్లు. ప్రికోసీన్ ఆ పిడుదుల్ని గొడ్డువి చేసిన మాట అబద్ధం కాదు. ఎందుకు చేసిందన్న మాటే నిలబడలేదు.

ఇవాళ వస్తున్న మొక్కల మందుల వ్యాసాల్లో "ఫలానా సారం ఫలానా హార్మోనును అడ్డుకుంటుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసేవి కనిపిస్తే ఈ ఉదంతం గుర్తుకు తెచ్చుకోవడం మంచిది. గుడ్లు తగ్గడానికి హార్మోనే కారణం కానక్కర్లేదు. పేగు కణాలు దెబ్బతిని రక్తం అరక్కపోయినా గుడ్లు తగ్గుతాయి. కణాల్లో శక్తి తయారీ ఆగినా తగ్గుతాయి. సీతాఫలం గింజల్లోని అసిటోజెనిన్లు చేసేది ఆ రెండో పనే, కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే పట్టేస్తాయి. వాములోని థైమాల్, అంటే పచారీ కొట్లో వాము పువ్వు పేరుతో అమ్మే స్ఫటికాలు, పిడుదుల అండాశయాల్ని దెబ్బతీస్తాయని బ్రెజిల్‌ పరిశోధకులే చూపించారు. ఒకే ఫలితానికి ఇన్ని దారులున్నాయి.

ఇక వస. 1977లో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయం వాళ్లు వసకొమ్ము నూనెలోంచి కీటకాల్ని గొడ్డువి చేసే పదార్థాన్ని విడదీసి నేచర్ పత్రికలో ప్రకటించారు. అది అసరోన్. మన దేశపు వసలో బీటా అసరోన్ దండిగా ఉంటుంది. ఇజ్జత్‌నగర్ వాళ్లు వస సారాన్ని పశువుల పిడుదుల మీద కూడా పరీక్షించారు, పనిచేసింది. కానీ బీటా అసరోన్ ఎలుకల్లో కణితులు తెప్పిస్తుందని తెలిసి అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది. గుడ్డును పాడుచేయగల పదార్థం పిడుదు గుడ్డు దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు.

తూకం ఎలా వేస్తారు

ల్యాబు పరీక్ష తేలికైనదే. నిండుగా తాగి రాలిన ఆడ పిడుదుల్ని తూచి, మందు నీళ్లలో కొన్ని నిమిషాలు ముంచి, ఆరబెట్టి, ఎక్కువగా వెల్లకిలా టేపుకి అంటించి, వెచ్చటి తేమ పెట్టెలో పెడతారు. రెండు వారాలకు గుడ్లు తూస్తారు. ఇంకో మూడు నాలుగు వారాలకు ఎన్ని పిల్లలయ్యాయో చూస్తారు. 1973లో అమెరికాలో డ్రమ్మండ్, ఆయన సహచరులు దీనికో సూత్రం పెట్టారు. గుడ్ల బరువును పిల్లలైన వాటాతో, దాన్ని 20,000తో గుణించి, ఆడ పిడుదుల బరువుతో భాగించాలి. ఒక గ్రాము గుడ్లంటే సుమారు 20,000 పిల్లలు అన్నది అందులోని అంచనా.

ఉదాహరణకు ఒక ఊహా లెక్క వేద్దాం. మందు తగలని పది పిడుదులు, మొత్తం 2 గ్రాములు. అవి 1.1 గ్రాముల గుడ్లు పెట్టాయి, 90 శాతం పిల్లలయ్యాయి. అంటే 19,800 పిల్లలు. మందు తగిలిన పది కూడా 2 గ్రాములే. వాటిలో రెండే చచ్చాయి. మిగతావి అరగ్రాము గుడ్లు పెట్టాయి, అందులో 30 శాతమే పిల్లలయ్యాయి. అంటే 3,000. చావు లెక్కలో మందు పనితనం 20 శాతం. పిల్లల లెక్కలో 85 శాతం. ఒకే మందు, ఒకే పళ్లెం.

85 శాతం అనగానే సంబరపడక్కర్లేదు. అది చాలుతుందా అన్నది కొట్టాన్ని బట్టి ఉంటుంది. తరం తరానికి పిడుదులు ఐదు రెట్లు పెరిగే చోట, 15 శాతమే మిగిలితే, తర్వాతి తరం ముప్పాతికకు పడిపోతుంది. నెమ్మదిగా మంద తేలికవుతుంది. అదే పది రెట్లు పెరిగే చోట మిగిలిన 15 శాతమే ఒకటిన్నర రెట్లవుతుంది. పిడుదులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, రైతు కంటికి మందు అసలు పనిచేయనట్టే ఉంటుంది. బయట మేసే పశువుల విషయంలో చాలా పిల్ల పిడుదులు ఆవు దొరక్క గడ్డిలోనే చస్తాయి. ఇరుకు కొట్టంలో కట్టేసిన సంకరజాతి ఆవుల దగ్గర వాటికి ఆ ఇబ్బంది లేదు, గోడ దిగితే ఆవు. జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) రక్తం ఉన్న పశువులు పిడుదులకు తేలిగ్గా లొంగుతాయి కూడా. మొక్కల మందు ఒంగోలు ఆవు మీద సరిపోయి, పక్క కొట్టంలోని హెచ్ఎఫ్ మీద చాలకపోతే అందులో వింతేమీ లేదు.

గొడ్డువి చేసే పద్ధతి వ్యాపారంలో ఇప్పటికే రెండుసార్లు నిలబడింది. ఫ్లూజురాన్ అనే మందు ఆవు రక్తం ద్వారా ఆడ పిడుదుకు చేరి గుడ్లను మురగబెడుతుంది. అది కొవ్వులో నిలిచిపోతుంది కాబట్టి పాలిచ్చే పశువులకు వాడరు. రెండోది బీఎం86 టీకా. క్యూబాలో 1993లో, ఆస్ట్రేలియాలో 1994లో మార్కెట్‌కు వచ్చింది. టీకా వేసిన ఆవు రక్తం తాగితే పిడుదు పేగు దెబ్బతిని, తక్కువ బరువు తూగుతుంది, తక్కువ గుడ్లు పెడుతుంది. రెంటికీ ఎదురైన ఫిర్యాదు ఒకటే: "వేసినా పిడుదులు కనిపిస్తూనే ఉన్నాయి." సూత్రంలో లోపం లేదు. ఫలితం రావడానికి పట్టే నెలల ఓపికే కరువు.

పళ్లెం నుంచి వీపు మీదికి

మొక్కల మందులకు అసలు చిక్కు మోతాదు. లీటరులో 12.5 గ్రాముల డెల్టామెత్రిన్ ఉండే మందును లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపితే, ఆ లీటరు నీళ్లలో అసలు మందు 25 మిల్లీగ్రాములే. చాలా ల్యాబు పరీక్షల్లో సుగంధ తైలాలు బాగా పనిచేసే మోతాదు 5 శాతం దగ్గర ఉంటుంది, అంటే లీటరుకు 50 గ్రాములు. రెండు వేల రెట్లు. ఒక ఆవును సరిగా తడపడానికి నాలుగు లీటర్లు కావాలనుకుంటే, ఒక్క పిచికారీకి 200 గ్రాముల శుద్ధ తైలం. వారం వారం, పది పశువులకు. పరిశోధన పత్రం చివర్లో "చవకైన ప్రత్యామ్నాయం" అని రాసేవాళ్లు ఈ గుణకారం చేసి చూసినట్టు కనిపించదు.

రెండోది ఎండ. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. థైమాల్ ఆవిరైపోతుంది. ల్యాబులో చీకటి పెట్టెలో రోజుల తరబడి పిడుదును అంటిపెట్టుకున్న పదార్థం, మధ్యాహ్నం మేతకు వెళ్లిన ఆవు వీపు మీద పూట కూడా నిలవకపోవచ్చు. సాయంత్రం కొట్టాలనడంలో అర్థం ఉంది. పైగా ఆడది గబగబా రక్తం తాగి ఉబ్బేది ఆ రాత్రి, రాలేది తెల్లవారుజామున. దాని అండాశయం పనిలోకి దిగే ముందు మందు తగలాలంటే ఆ సాయంత్రమే సరైన వేళ.

మూడోది, ముంచే పరీక్షలో ఉన్నవన్నీ నిండుగా తాగిన ఆడవే. ఆవు మీద అన్ని వయసులవీ ఉంటాయి. ఈ రోజు కొట్టిన మందు రేపు రాలబోయేవాటి గుడ్లు చెడగొట్టొచ్చు, ఇంకో రెండు వారాలకు రాలబోయే పిల్లలకు దాని సంగతే తెలియకపోవచ్చు. మూడు వారాల జీవితచక్రంలో ఒక్కసారి కొట్టి ఆపేస్తే దాదాపు ఫలితం లేనట్టే. పశువైద్యంలో ప్రచారంలో ఉన్న మొక్కల మిశ్రమాన్ని, అంటే వెల్లుల్లి, వేపాకు, వేపపండ్లు, వస, పసుపు, తులసి, లాంటానా ఆకు కలిపి నూరి నీళ్లలో వడకట్టేదాన్ని, వారానికోసారి, కొట్టం పగుళ్లలో కూడా కొట్టమని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. అందులో ఏ పదార్థం ఎంత ఉందో మాత్రం ఎవరూ కొలిచి చెప్పలేరు. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి, గింజకు బూజు పట్టిందా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఎరువుల షాపులో 1,500 పీపీఎం, 10,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్ల అజాడిరాక్టిన్) అని అమ్మే వేపమందుల్లో ఆ కొలత ఉంది. కానీ అవి పంటల కోసం తయారైనవి. వాటిలోని ద్రావకాలు, నూనెను నీళ్లలో కలిపే పదార్థాలు పశువు చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని కలిపినవి కావు. ఆవు ఒళ్లు నాక్కుంటుంది, దూడ పొదుగు కుడుస్తుంది. లాంటానా ఆకు కడుపులోకి వెళ్తే కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుందని పశువైద్యులందరికీ తెలుసు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. "మొక్కదే కదా" అనే ధీమా రసాయనం డబ్బా మీద రాసిన హెచ్చరిక కన్నా ప్రమాదకరం. డబ్బా మీద కనీసం పాలు ఎన్నాళ్లు వాడకూడదో రాసి ఉంటుంది.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి పిడుదులకు నిరోధకత రాదన్న నమ్మకమూ నిలవదు. పైరిత్రం చామంతి జాతి పువ్వుదే. దాని నకళ్లే ఇవాళ మొద్దుబారిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్. ఒకే పదార్థాన్ని శుద్ధి చేసి పదేపదే కొడితే దానికీ అదే గతి. అనేక పదార్థాలు కలిసిన ముడి సారం విషయంలో అది ఆలస్యం కావొచ్చు. మొక్కలు తోడుమందుగా పనికొచ్చిన సందర్భం మాత్రం గట్టిదే. నువ్వుల నూనె కలిపితే పైరిత్రం పదునెక్కుతుందని 1940లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు.

ఏ జబ్బుకు ఎంత ఉపయోగం

గుడ్లను దెబ్బకొట్టడం వల్ల ఒరిగే లాభం అన్ని జబ్బుల్లో ఒకేలా ఉండదు. ఎర్రమూత్రం తెప్పించే బబేసియా క్రిమి తల్లి పిడుదు అండాశయంలోకి చేరి గుడ్ల ద్వారానే పిల్లలకు సంక్రమిస్తుంది. 1893లో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అమెరికాలో టెక్సాస్ జ్వరం మీద పనిచేసి, ఒక జబ్బును పిడుదులు మోస్తాయని మొదటిసారి రుజువు చేసింది ఈ క్రిమి విషయంలోనే. ఇక్కడ మురిగిన ప్రతి గుడ్డూ పిడుదుతో పాటు జబ్బును కూడా అక్కడే ఆపుతుంది. సంకరజాతి ఆవుల్ని ఎక్కువగా బలిగొనే థైలేరియాసిస్ అలా కాదు. దాన్ని మోసే హయలోమా పిడుదు తరం తరానికీ కొత్తగా జబ్బు పశువు నుంచే క్రిమిని తెచ్చుకుంటుంది, గుడ్ల ద్వారా రాదు. అదీగాక అది ఒకే పశువును నమ్ముకోదు, మధ్యలో దిగి గోడ పగుళ్లలో కుబుసం విడిచి మళ్లీ ఇంకో పశువును పడుతుంది. అక్కడ ఆవు మీద కొట్టే మందు కన్నా గోడ పగుళ్లు పూడ్చి సున్నం కొట్టడానికే ఎక్కువ ఫలితం.

కాబట్టి ఏ మొక్కల మందునైనా అమ్మేవాళ్లను అడగాల్సింది ఎన్ని పిడుదులు చచ్చాయని కాదు. ఆవుల మీద మూడు వారాలకు మించి పరీక్షించారా, రాలిన పిడుదుల గుడ్లు తూచారా, పాలల్లో అవశేషాలు చూశారా అని. ఈ మూడింటిలో మధ్యదాన్ని కొట్టంలోనే చూసుకోవచ్చు. తెల్లవారుజామున ఊడ్చేటప్పుడు నేల మీద దొరికిన ఉబ్బిన పిడుదుల్ని మందు కొట్టిన ఆవు దగ్గరవి పది, కొట్టని ఆవు దగ్గరవి పది పట్టకారుతో ఏరి, వేర్వేరు సీసాల్లో వేసి, బిగువైన సన్నటి గుడ్డ కట్టి, పక్కన తడి దూదితో నీడలో పెట్టాలి. చేత్తో నలపకూడదు. గుజరాత్‌లో 2011లో బయటపడ్డ క్రిమియన్ కాంగో జ్వరం హయలోమా పిడుదుల ద్వారా, వాటిని చితకడం ద్వారా కూడా మనుషులకు అంటుకునేదే. రెండు వారాలకు ఏ సీసాలో గుడ్ల ముద్ద నిగనిగలాడుతోందో, ఏ సీసాలో పొడిగా రాలి ఉందో తెలుస్తుంది. ఐదు వారాల నాటికి పిల్లలైందీ లేనిదీ బయటినుంచే కనిపిస్తుంది. ఆ తర్వాత గుడ్డ విప్పకుండానే రెండు సీసాల్నీ సలసల కాగే నీళ్లలో ముంచేయాలి.